శ్రమజీవుల నేస్తం సింగారవేలు

చెన్నై సముద్రతీరాన అయోధ్యకుప్పం అనే బెస్తవారి పేట ఉంది. 1860 ఫిబ్రవరి 18న సింగారవేలు అక్కడే ఒక బెస్త కుటుంబంలో జన్మించారు. ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి పట్టభద్రులయ్యారు. తరువాత న్యాయశాస్త్రం చదివి, హైకోర్టు న్యాయవాదిగా పేరు పొందారు. ఆయన ఇంటినిండా పుస్తకాలే.

ఆ రోజుల్లో మిల్లు కార్మికులు చాలీచాలని జీతాలతో బతికేవారు. వారికోసం 1918లో మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడింది. సింగారవేలు కార్మికుల పోరాటాలకు అండగా నిలిచారు. 1921లో సహాయ నిరాకరణోద్యమంలో చేరి, న్యాయవాద వృత్తిని వదిలివేశారు.

1923 మే 1న ఆయన చెన్నైలో కార్మిక దినోత్సవం జరిపారు. హైకోర్టు ఎదుటి తీరాన ఒక సభ, ట్రిప్లికేన్ తీరాన మరొక సభ జరిగాయి. మన దేశంలో అదే మొదటి మే దినం. ఆనాడే ఆయన కార్మిక కర్షక పార్టీని స్థాపించారు.

1928లో దక్షిణ భారత రైల్వేలో చాలామంది ఉద్యోగాలు పోయే పరిస్థితి వచ్చింది. కార్మికులు సమ్మె చేశారు. అప్పటికి సింగారవేలు వయస్సు అరవై ఎనిమిదేళ్లు. అయినా వెనుకాడక వారి పక్షాన నిలిచారు. ప్రభుత్వం ఆయనను నిర్బంధించింది. న్యాయస్థానం పదేళ్ల శిక్ష విధించింది. తరువాత శిక్ష తగ్గి, 1930లో విడుదలయ్యారు.

1946 ఫిబ్రవరి 11న సింగారవేలు కన్నుమూశారు. చెన్నై రేవుకు సమీపంలోని జిల్లా కలెక్టరు కార్యాలయ భవనానికి ఆయన పేరే పెట్టారు.