కార్మికుల మంత్రి ఫ్రాన్సెస్ పెర్కిన్స్

ప్రతి ఏటా ఈ పుస్తకంలో కష్టజీవుల కోసం పాటుపడిన ఒకరి జీవితం గురించి రాసుకుంటున్నాం. ఈసారి మేము ఎంచుకున్న మనిషి మన ఊరివారు కాదు, మన దేశం వారు కూడా కాదు. అమెరికాలో 1933 నుంచి 1945 దాకా కార్మిక శాఖ మంత్రిగా పనిచేసిన ఫ్రాన్సెస్ పెర్కిన్స్ గారు. ఆ దేశంలో మంత్రి పదవి చేపట్టిన మొదటి మహిళ ఆవిడే. కువైట్‌లో ఉన్న మనకు ఆవిడ కథ ఎందుకని కొందరు అడగవచ్చు. దొంగ ఏజెంట్లు, తాళం వేసిన తలుపులు, చట్టంలో చోటు దొరకని పనిమనుషులు, అన్నీ ఆ కథలో ఉన్నాయి. చదివితే మీకే తెలుస్తుంది.

పెర్కిన్స్ గారు 1880లో బోస్టన్‌లో పుట్టారు, వూస్టర్ అనే ఊళ్లో పెరిగారు. తండ్రికి స్టేషనరీ వ్యాపారం. ఇంట్లో ఏ లోటూ లేదు. మనిషి పేదవాడయ్యాడంటే తాగుడో బద్ధకమో కారణమని నమ్మే ఇల్లు అది. కాలేజీలో చదివేటప్పుడు ఒక టీచరమ్మ ఆడపిల్లలందరినీ ఫ్యాక్టరీలు చూసి రమ్మని పంపారు. అక్కడ చూసినదానితో ఆవిడకు ఇంట్లో విన్న మాట మీద నమ్మకం పోయింది. పొద్దస్తమానం ఒళ్లు విరుచుకుని పనిచేసేవాళ్లు కూడా పేదవాళ్లుగానే ఉన్నారు. ఒక చెయ్యి మిషన్‌లో పడితే ఆ ఇల్లు వీధిన పడుతోంది.

చదువయ్యాక కొన్నాళ్లు టీచరుగా చేసి, 1907లో ఫిలడెల్ఫియా వెళ్లారు. అప్పట్లో పని వెతుక్కుంటూ ఓడల్లో యూరప్ నుంచీ, రైళ్లలో దక్షిణాది నుంచీ ఆ ఊరికి ఆడపిల్లలు వచ్చేవారు. ఏజెంట్లు దిగిన చోటే వాళ్లను పట్టుకుని, పని ఇప్పిస్తామని డబ్బు గుంజేవారు, కొందరిని చెడ్డ ఇళ్లకు చేర్చేవారు. ఆ దొంగ ఆఫీసులను, బస ఇళ్లను కనిపెట్టి మూయించడమే ఆవిడ ఉద్యోగం. ఏజెంటు చేతిలో మోసపోయిన వాళ్లు మనలో ఎంతమంది లేరు!

ఆవిడ జీవితాన్ని మార్చేసిన రోజు 1911 మార్చి 25, శనివారం. న్యూయార్క్‌లో స్నేహితురాలి ఇంట్లో టీకి వెళ్లినప్పుడు దగ్గరలోనే ఫైరింజన్ల చప్పుడు వినిపించింది. పరుగున వెళ్లి చూస్తే ట్రయాంగిల్ అనే బట్టల కంపెనీ తగలబడుతోంది. పది అంతస్తుల భవనంలో పై మూడు అంతస్తులూ ఆ కంపెనీవే. సరుకు ఎత్తుకుపోతారనే అనుమానంతో తొమ్మిదో అంతస్తులో ఒక తలుపుకు తాళం వేసి ఉంచారు. ఫైరింజన్ నిచ్చెనలు ఆరో అంతస్తు దాకానే అందాయి. ఆడపిల్లలు కిటికీల్లోంచి దూకి చనిపోవడం ఆవిడ కళ్లారా చూశారు. మొత్తం 146 మంది పోయారు. ఎక్కువమంది ఇటలీ నుంచి, తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన పిల్లలే. యజమానుల మీద కేసు నడిచింది, నిర్దోషులని వదిలేశారు.

ఏడ్చి ఊరుకునే మనిషి కాదు పెర్కిన్స్ గారు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన విచారణ సంఘం తరఫున శాసనసభ్యులను వెంటబెట్టుకుని ఫ్యాక్టరీల చుట్టూ తిప్పారు. కాగితం మీద చెబితే అర్థం కాదని కళ్లకు చూపించారు. తలుపులకు తాళం వేయకూడదని, మంటలు ఆర్పే ఏర్పాట్లు ఉండాలని, తనిఖీలు జరగాలని వరసగా చట్టాలు వచ్చాయి. 1912లో ఆడవాళ్ల పనిని వారానికి 54 గంటలకు తగ్గించే చట్టం కోసం కూడా కష్టపడ్డారు. ఆఖరి నిమిషంలో పండ్లు, కూరగాయలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీల వాళ్లను అందులోంచి తీసేస్తేనే ఓటు వేస్తామని కొందరు మెలిక పెట్టారు. ఆవిడ ఒప్పుకున్నారు. లక్షల మందికి వచ్చే మేలును మిగిలినవారి కోసం ఆపలేకపోయారు. ఇలాంటి బేరం ఆవిడ జీవితంలో మళ్లీ వచ్చింది, ఇంకా పెద్దది.

ఈలోగా ఇంట్లో కష్టం మొదలైంది. భర్తకు మానసిక వ్యాధి వచ్చి ఆసుపత్రుల పాలయ్యారు. కూతురు చిన్నది. ఇల్లు గడవాలంటే ఆవిడ జీతమే దిక్కు. ఇంట్లో ఒకరు మంచాన పడితే ఏమవుతుందో ఆవిడకు పుస్తకాల వల్ల తెలిసింది కాదు.

ఇక్కడ యూరప్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. జర్మనీలో బిస్మార్క్ 1883లో కార్మికులకు జబ్బు బీమా, 1884లో ప్రమాద బీమా, 1889లో వృద్ధాప్య పెన్షన్ చట్టం తెచ్చారు. ఆయనకు కార్మికుల మీద ప్రేమ కన్నా సోషలిస్టుల భయమే ఎక్కువ. అయినా ఆ పెన్షన్ చట్టంలో పొలం కూలీలు, ఇళ్లలో పనివాళ్లు కూడా ఉన్నారు. ఇంగ్లండులో 1911 చట్టం కింద జబ్బు బీమాకు వారానికి కార్మికుడు 4 పెన్నీలు, యజమాని 3, ప్రభుత్వం 2 పెన్నీలు కట్టేవారు. కొన్ని రంగాల్లో పని పోయినవాళ్లకు భృతి కూడా అదే చట్టంలో పెట్టారు. అమెరికాలో మాత్రం కేంద్ర ప్రభుత్వం తరఫున అలాంటిది ఏమీ లేదు. ఎవరి బతుకు వాళ్లే చూసుకోవాలనేది అక్కడి నమ్మకం. 1929 తర్వాత ఆర్థిక మాంద్యం వచ్చి, 1933 నాటికి పనివాళ్లలో దాదాపు నాలుగో వంతు రోడ్డున పడేసరికి ఆ నమ్మకం కదిలింది.

న్యూయార్క్ గవర్నరుగా ఉన్న రూజ్‌వెల్ట్ 1931లో పెర్కిన్స్ గారిని ఇంగ్లండు పంపారు, అక్కడి నిరుద్యోగ బీమా ఎలా నడుస్తోందో చూసి రమ్మని. 1933లో ఆయన అధ్యక్షుడై మంత్రి పదవి ఇస్తామంటే, ఆవిడ ముందు తన జాబితా చెప్పారు. పని గంటల పరిమితి, కనీస వేతనం, బాలకార్మికుల నిషేధం, నిరుద్యోగ భృతి, వృద్ధాప్య పెన్షన్, ఆరోగ్య బీమా. ఇవి చేయనిస్తేనే వస్తానన్నారు. ఆయన సరేనన్నారు.

1935 ఆగస్టు 14న సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చింది. 1938లో కనీస వేతనం, పని గంటల చట్టం వచ్చింది. జాబితాలో దాదాపు అన్నీ నెరవేరాయి. కానీ రెండు పెద్ద లోట్లు మిగిలాయి. ఒకటి ఆరోగ్య బీమా. డాక్టర్ల సంఘం గట్టిగా అడ్డుపడింది, దానితో మొత్తం చట్టమే మునిగిపోతుందని పక్కన పెట్టారు. రెండోది పొలం కూలీలు, ఇళ్లలో పనివాళ్లు. ఆవిడ కమిటీ ఇచ్చిన ప్రణాళికలో వాళ్లున్నారు. వాళ్ల దగ్గర పన్ను వసూలు కష్టమని ట్రెజరీ మంత్రి చెప్పారు, కాంగ్రెస్ వాళ్ల పేరు కొట్టేసింది. నల్లజాతి కార్మికుల్లో ఎక్కువమంది చేసేది ఆ పనులే. జర్మనీ 1889లోనే లోపలికి రానిచ్చినవాళ్లను అమెరికా 1935లో కూడా గుమ్మం బయటే నిలబెట్టింది. ఇళ్లలో పనివాళ్లకు పెన్షన్‌లో చోటు 1950 తర్వాతే దొరికింది. కనీస వేతనం హక్కు రావడానికి 1974 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆవిడ ఒప్పుకోవడం తప్పా? మా కమిటీలో దీని మీద వాదన జరిగింది. ఒప్పుకోకపోతే ఎవరికీ ఏమీ దక్కేది కాదని కొందరన్నారు. బయట మిగిలిపోయిన వాళ్లకు ఆ లెక్క చెబితే కడుపు నిండదని కొందరన్నారు. రెండూ నిజమే.

వలసవాళ్ల విషయంలో మాత్రం ఆవిడ బేరానికి దిగలేదు. అప్పట్లో వలస విభాగం కార్మిక శాఖ కిందే ఉండేది. వలస వచ్చినవాళ్లను బెదిరించి డబ్బు లాగుతున్న ఒక అధికారుల బృందాన్ని మంత్రి అయిన కొద్ది రోజులకే రద్దు చేశారు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఓడరేవు కార్మిక నాయకుడు హ్యారీ బ్రిడ్జెస్‌ను కమ్యూనిస్టు అని దేశం నుంచి వెళ్లగొట్టమంటే, సాక్ష్యం లేకుండా కుదరదన్నారు. అందుకు 1939లో ఆవిడ మీద అభిశంసన తీర్మానం పెట్టారు. విచారణలో అది వీగిపోయింది.

ముసలితనంలో కార్నెల్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ 1965 మే 14న కన్నుమూశారు. ఆ జులై నెలాఖరులో మెడికేర్ చట్టం వచ్చింది. అది కూడా ప్రధానంగా 65 ఏళ్లు దాటినవారికే. ఇంగ్లండులో అందరికీ ప్రభుత్వ వైద్యం 1948లోనే మొదలైంది.

ఇక మన సంగతి. కువైట్‌లో ప్రైవేటు కార్మికుల చట్టం 2010లో వచ్చినప్పుడు రోజుకు 8 గంటల పని అని రాశారు, కానీ ఇళ్లలో పనిచేసేవారిని అందులో చేర్చలేదు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇళ్లలో పనిచేస్తున్న మన అక్కచెల్లెళ్లు ఆ చట్టానికి బయటే ఉన్నారు. వాళ్లకు 2015లో వేరే చట్టం వచ్చింది. వారానికి ఒక రోజు సెలవు, రోజుకు 12 గంటలు మించని పని, ఏడాదికి ఒక నెల జీతం చొప్పున సర్వీసు డబ్బులు అందులో ఉన్నాయి. మన ఇష్టం లేకుండా పాస్‌పోర్టు కఫీల్ దగ్గర ఉంచుకోకూడదని కూడా ఉంది. ఎనిమిదికీ పన్నెండుకీ తేడా ఎందుకో మనం అడగాల్సిందే. ఉన్న చట్టమైనా తెలియని అక్కలు ఇంకా చాలామంది ఉన్నారు. ఈ పుస్తకం చదివినవారు కనీసం ఒక అక్కకైనా ఈ నాలుగు మాటలూ చెప్పండి.

ఏ చట్టం వచ్చినా ఎవరికి మేలు జరిగిందో చూసి సంతోషిద్దాం. ఆ వెంటనే ఎవరి పేరు కొట్టేశారో కూడా వెతుకుదాం. పెర్కిన్స్ గారి జీవితంలో మాకు దొరికిన పాఠం అదే. ఆ తల్లికి మా నమస్కారం.