కోసలరాజు ఆఖరి ముద్ద



అన్నం కంచం ముందు కూర్చున్నప్పుడు మిమ్మల్ని మీరు ఎప్పుడైనా గమనించుకున్నారా? మైపాడు నుంచి తూపిలిపాళెం దాకా మన సముద్రపొడ్డు పల్లెల్లో చేపల పులుసు కాగిన రోజు సంగతి నేను చెప్పక్కర్లేదు. ఇక చాలని కడుపు చెబుతూనే ఉంటుంది, చెయ్యి మాత్రం ఇంకో గరిటె వైపు పోతుంది. షుగర్ ఉంది, అన్నం తగ్గించమని డాక్టర్ చెప్పాడు. మీరూ సరేనన్నారు. అన్నది పొద్దున ఆస్పత్రిలో, తినేది రాత్రి ఇంట్లో. ఆ పొద్దుకీ ఈ రాత్రికీ మధ్య ఏం జరుగుతోంది? ఇది తెలుసుకోడానికి బుద్ధుని కాలంనాటి ఒక మనిషి జీవితం మనకు బాగా పనికొస్తుంది. ఆయన భిక్షువు కాదు, అర్హంతుడు అసలే కాదు. మనలాగే మంచి మాటకు తలూపి, సాయంత్రానికి తప్పే మనిషి. పేరు ప్రసేనజిత్తు, పాళీలో పసేనది. కోసల దేశానికి రాజు.

ఆయన రాజధాని సావత్థి, అంటే ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని శ్రావస్తి. తండ్రి మహాకోసలుడు. చదువు తక్షశిలలో. ఆయనకీ బుద్ధునికీ ఒకటే వయసు. ఇంత కుర్ర వయసులో సంబోధి పొందడమేందని మొదట్లో బుద్ధుణ్ణి శంకించాడు. తర్వాత ఉపాసకుడయ్యాడు. మేనల్లుడు అజాతశత్రువుతో కాశీ పల్లె విషయంలో యుద్ధాలు చేశాడు. అవి చరిత్ర పుస్తకాల్లో చదువుకోవచ్చు, నేను చెప్పదలచింది ఆయన తిండి సంగతి.

పసేనది దోణం కొలత బియ్యం వండించుకుని తినేవాడట. ఒకరోజు అట్లాగే తిని, ఆయాసపడుతూ, రొప్పుతూ జేతవనానికి వచ్చి బుద్ధుని ముందు కూర్చున్నాడు. బుద్ధుడు ఆయన్ని తిట్టలేదు, పాపమనీ అనలేదు. ఎరుకతో, మితం తెలిసి తినేవాడికి బాధలు తగ్గుతాయనీ, ముసలితనం మెల్లగా వస్తుందనీ అర్థం వచ్చేట్టు ఒక చిన్న గాథ చెప్పాడు. ఇక్కడ రాజు చేసిన పని చూడండి. ఇకనుంచి తగ్గిస్తానని మాటిచ్చి ఇంటికి పోలేదు. తన మాట మీద తనకే నమ్మకం లేదు! వెనక నిలబడున్న సుదస్సనుడనే యువకుణ్ణి పిలిచి, ఆ గాథ నేర్చుకోమన్నాడు. రోజూ తను భోజనానికి కూర్చున్నప్పుడు వినిపించాలి. అందుకు రోజుకు 100 కహాపణాలు ఇస్తానన్నాడు.

 తర్వాత వచ్చిన అట్ఠకథ ఇంకొంచెం వివరం చెబుతుంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. గాథను భోజనం మొదట్లోనో మధ్యలోనో చెప్పకూడదు. రాజు ఆఖరి ముద్ద తీసుకునేటప్పుడే చెప్పాలి. అది వినగానే రాజు ఆ ముద్ద వదిలేస్తాడు. అందులో ఎన్ని మెతుకులున్నాయో చూసి, మర్నాడు అంత బియ్యం తగ్గించి వండాలి. ఒక్క ముద్ద తగ్గితే ఎవరికి తెలుస్తుంది? మర్నాడు ఇంకో ముద్ద. అట్లా దోణం నుంచి నాళి కొలతకు దిగి, అక్కడ నిలిచాడు. ఒళ్ళు తేలికపడింది. ఒకరోజు తన ఒళ్ళు తనే నిమురుకుంటూ బుద్ధుని కరుణను తలుచుకున్నాడు.

ఇప్పటి ప్రవర్తనా శాస్త్రం దీన్ని ఎట్లా చూస్తుందో కాస్త చెప్పుకుందాం. అలవాటు ఆలోచనతో నడవదు, ఒక గుర్తుతో మొదలవుతుంది. కంచం కనబడితే తినడం, సాయంత్రమైతే సారా కొట్టు. తగ్గిస్తాను అని ఊరికే అనుకునే వాళ్ళకంటే ఫలానా వేళ, ఫలానా చోట, ఫలానా పని చేస్తాను అని ముందే ముడేసుకున్న వాళ్ళు మాట ఎక్కువగా నిలబెట్టుకుంటారని జర్మన్ శాస్త్రవేత్త పీటర్ గొల్విట్జర్ 1990ల్లో తేల్చాడు. మనిషిని బలవంతపెట్టకుండా చుట్టూ ఉన్న ఏర్పాటును కొంచెం మార్చినా అతని నిర్ణయం మారుతుందని రిచర్డ్ థేలర్, కాస్ సన్‌స్టీన్ 2008లో ఒక పుస్తకమే రాశారు. థేలర్‌కు 2017లో నోబెల్ వచ్చింది. బుద్ధుడు ఇదంతా ముందే కనిపెట్టాడని మనం గొప్పలు పోవద్దు. పుష్పక విమానం కబుర్లు చెప్పేవాళ్ళకూ మనకూ తేడా ఉండాలి గదా. కానీ వేదన నుంచి తణ్హ పుడుతుందని ధమ్మం చెబుతోంది. ఆ రెంటి మధ్య సందులోనే ఎరుకకు చోటుంది. సుదస్సనుడి గొంతు వినబడింది సరిగ్గా ఆ సందులోనే.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షల మంది చేత 22 ప్రతిజ్ఞలు పైకి అనిపించారు. మత్తు ముట్టనన్నది అందులో ఒకటి. మీరూ దీక్ష రోజు అన్నారు, నేనూ అన్నాను. దీక్ష ఏడాదికి ఒకరోజు, కొట్టు మాత్రం రోజూ తెరిచే ఉంటుంది. 1992లో మన జిల్లా మెట్టలో, దూబగుంట ఆడవాళ్ళకు ఈ సంగతి ఏ శాస్త్రమూ చెప్పలేదు. అక్షరాలు నేర్చుకునే బడిలో కూర్చుని మాట్లాడుకుంటుంటే తెలిసింది. మొగుళ్ళకు నీతులు చెప్పి విసిగిపోయినవాళ్ళు, ఊళ్ళోకి సారా రాకుండానే అడ్డం నిలబడ్డారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధమైంది. తాగేవాడి మనసు మారేదాకా ఆగకుండా, వాడు నడిచే దారినే మార్చారు.

మళ్ళీ పసేనది దగ్గరకు వద్దాం. ఆయన జీవితంలో సుదస్సనుడి లాంటి గొంతు ఇంకొకటుంది. అది రాణి మల్లికది. పూలదండలు కట్టేవాళ్ళ ఇంటి పిల్ల. ఒక రాత్రి ఏవో భయంకరమైన అరుపులు విని రాజు వణికిపోయాడు. ప్రాణగండమని బ్రాహ్మణులు చెప్పారు. మహాయజ్ఞానికి 500 ఎద్దులు, 500 కోడెదూడలు, 500 పెయ్యలు, 500 మేకలు, 500 పొట్టేళ్ళను కట్టేశారు. దాసులూ కూలీలూ దెబ్బలకు భయపడి ఏడుస్తూ పనులు చేస్తున్నారు. భయంలో ఉన్నవాడు ఎవడేం చెప్పినా వింటాడు, రాజైనా అంతే. మల్లిక మొగుణ్ణి గట్టిగా మందలించి బుద్ధుని దగ్గరకు తీసుకుపోయింది. కట్టిన పశువుల్ని విడిపించారు. ఆమెకు ఆడపిల్ల పుట్టినప్పుడు ఇదే రాజు మొహం వేలాడేసుకున్నాడు. ఆడపిల్ల మగపిల్లాడికంటే మేలు కావచ్చని అప్పుడూ బుద్ధుడే చెప్పాల్సి వచ్చింది.

ఆ గొంతులు లేనిచోట ఏం చేశాడో కూడా చెప్పాలి, దాచకూడదు. తక్షశిలలో తనతో చదివిన బంధులుడు ఆయన సేనాపతి. లంచాలు తినే న్యాయాధికారులను పక్కన పెట్టి, బంధులుడు న్యాయంగా తీర్పు చెప్పాడు. పదవులు పోయినవాళ్ళు రాజు చెవిలో విషం పోశారు. నీ సింహాసనం మీద బంధులుడి కన్నుందని రోజూ చెబితే, విన్నదే వినీ వినీ అది నిజమనిపించింది. సరిహద్దులో అల్లరి అణచడానికని పంపి, తిరిగొచ్చేటప్పుడు బంధులుణ్ణి కొడుకులతో సహా చంపించాడు. తప్పు తెలిశాక కుమిలిపోయాడు. పరిహారంగా బంధులుడి మేనల్లుడు దీఘకారాయణుణ్ణి సేనాపతిని చేశాడు.

ఇంకోటి మనకు దగ్గరి సంగతి. బుద్ధుని వంశంతో సంబంధం కావాలని పసేనది శాక్యుల పిల్లను అడిగాడు. శాక్యులకు కులగర్వం జాస్తి. మహానాముడికి దాసికి పుట్టిన వాసభఖత్తియను, అసలు సంగతి దాచి పంపారు. ఆమె కొడుకు విడూడభుడు పదహారేళ్ళ వయసులో తాతగారి ఊరు కపిలవత్థుకు పోయాడు. వాడు లేచి వెళ్ళగానే, కూర్చున్న పీటను పాలు కలిపిన నీళ్ళతో కడిగించారు. కడిగింది ఒక దాసీ! ఆరోజు ఎవరూ కూర్చుని ఆలోచించి చేసిన పని కాదది. ఇంట్లో రోజూ జరిగేదే, చెయ్యి దానంతటదే చేసింది. టీకొట్లో మీ పెద్దవాళ్ళకు వేరే గ్లాసు ఇచ్చినవాళ్ళ చెయ్యి కూడా అట్లాగే కదిలేది. మరిచిపోయిన ఆయుధం కోసం వెనక్కొచ్చిన ఒక భటుడు ఆ దాసి తిట్టుకోవడం విన్నాడు. సంగతి విడూడభుడికి చేరింది, పగ అక్కడ పుట్టింది. పసేనది కూడా తల్లినీ కొడుకునీ హోదాల్లోంచి దింపేశాడు. బుద్ధుడు నచ్చజెప్పాకే తిరిగి ఇచ్చాడు.

ఎనభయ్యో ఏట పసేనది చివరిసారి బుద్ధుణ్ణి చూడబోయాడు. కత్తి, కిరీటం బయట దీఘకారాయణుడి చేతికిచ్చి లోపలికి పోయాడు. మేనమామ చావు మరవని ఆ సేనాపతి రాజచిహ్నాలు తీసుకుపోయి విడూడభుణ్ణి రాజును చేశాడు. ముసలిరాజు బయటికొచ్చేసరికి ఒక గుర్రం, ఒక పనిమనిషి మిగిలారు. మేనల్లుడి సాయం కోసం రాజగృహానికి బయలుదేరాడు. చేరేసరికి పొద్దుపోయింది, కోట తలుపులు మూసేశారు. ఊరి బయట సత్రంలో పడుకుని, అలసటతో తెల్లారేలోగా ప్రాణం విడిచాడు. కోసలరాజు దిక్కులేక పోయాడని ఆ పనిమనిషి ఏడుస్తుంటేనే ఊళ్ళోవాళ్ళకు తెలిసింది. దహనం అజాతశత్రువే చేయించాడు.