తొక్కలోని చేదు, రేకులోని పసుపు: ఆచార్య శేషాద్రి జీవితము

పంపరపనస తొనలు తిని తొక్కను పారవేయుట మనకు అలవాటు. ఆ తొక్కలోని చేదేమి, పత్తిపూవు రేకులోని పసుపేమి యని వెదకుటకే జీవితమును ధారవోసిన ఆచార్యుడొకరు వాల్తేరులో పదునైదేండ్లు రసాయనశాస్త్రము బోధించిరి. వారే తిరువేంగడం రాజేంద్రం శేషాద్రిగారు.

శేషాద్రిగారు 1900 ఫిబ్రవరి 3వ తేదీన కావేరీతీరమందలి కుళిత్తలైలో జన్మించిరి. తండ్రి బడిపంతులు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువునపుడు ధనము చాలకుండగా రామకృష్ణ మిషన్ ఆదుకొనెను. పట్టభద్రులైన పిదప ఒక సంవత్సరము ఆ సంస్థకే సేవచేసి ఆ ఋణము దీర్చుకొనిరి. 1927లో ఇంగ్లండు వెడలి, మాంచెస్టరులో రాబర్టు రాబిన్సన్ కడ పరిశోధించి, 1929లో డాక్టరు పట్టము పొందిరి. పిమ్మట ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరమున ఫ్రిట్జ్ ప్రెగ్ల్ కడ సూక్ష్మవిశ్లేషణము నేర్చిరి. కొలది మిల్లీగ్రాముల పదార్థముతోనే అందలి కర్బన, ఉదజనుల పాళ్లు తేల్చు విద్య యది. బుట్టెడు ఆకులనుండి చిటికెడు ఫలము దక్కు శాస్త్రమునకు ఇంతకంటె కావలసిన సాధనమేమి?

1934లో వారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చేరి, 1937లో ఆచార్యులైరి. చుట్టుప్రక్కల దొరకు మొక్కలే వారికి గనులు. రేకులనో, ఆకులనో, తొక్కలనో ఆల్కహాలులో కాచి, వడగట్టి, ఇగిర్చి, క్రొవ్వును తొలగించి, స్ఫటికములు తేలువరకు వేచియుండవలెను. అవి శుద్ధమగుదాక మరల మరల కరగించి పేరింపవలెను. పత్తిపూల పసుపు పదార్థముల నిర్మాణము ఇట్టి ఓర్పుననే తేలినది.

పంపరపనస తొక్కలోని చేదు పదార్థము నారింజిన్. దాని పేరుననే మన నారింజ యున్నది. దానిని ఆమ్లముతో కాచినచో గ్లూకోజు, రామ్నోజు అను రెండు చక్కెరలు విడిపోవును. వానితోపాటు చేదును పోవును. చక్కెర కూడి చేదగుట వింత కాదా! ఆ చక్కెర అణువున ఏ చోట తగులుకొన్నదో కనుగొనుట ఎట్లు? ముందుగా ఖాళీ హైడ్రాక్సిల్ స్థానములను మిథైలుతో కప్పివేయుదురు. తరువాత చక్కెరను ఊడదీయుదురు. క్రొత్తగా బయల్పడిన స్థానమే చక్కెర యుండిన చోటు. ఈ ప్రశ్నపై శేషాద్రిగారును శిష్యులును వాల్తేరులో పనిచేసి 1939లో ఫలితములు ప్రకటించిరి.

అంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. విశ్వవిద్యాలయము వాల్తేరు విడిచి గుంటూరునకు తరలిపోయెను. ఒక్కొక్క పరికరమే కూర్చుకొన్న ప్రయోగశాల చెదరినపుడు ఎవరికైనను మనసు విరుగును. శేషాద్రిగారి పరిశోధనలు మాత్రము ఆగలేదు. సాధనములు తగ్గినను మొక్కలు తరుగలేదు గదా!

1949లో వారు ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు వెడలిరి. 1960లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వము, 1963లో పద్మభూషణ్ బిరుదము వారిని వరించెను. 1975 సెప్టెంబరు 27న వారు కీర్తిశేషులైరి. శిష్యులు ఎల్. రామచంద్రరావుగారు వాల్తేరులో ఆ విద్యాపరంపరను నిలిపిరి.

బడిలో గొప్ప పరికరములు లేవని చింతించు ఉపాధ్యాయుడు ఈ జీవితమును విద్యార్థులకు వినిపింపవలెను. మనము పారవేసిన తొక్కయందే వారికి ప్రశ్న దొరకినది. ప్రశ్న దొరకిన పిమ్మట వారు దానిని విడువలేదు.