మాన్సియర్ రేమండ్

మిషెల్ జోకిం మరీ రేమండ్ (సెప్టెంబరు 25, 1755 - మార్చి 25, 1798) హైదరాబాదు రెండవ నిజాము అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఫ్రెంచి సేనాని. నగరంలోని తోప్ కా సాంచా (గన్‌ఫౌండ్రీ) స్థాపకుడిగా ప్రసిద్ధుడు. మూసారాంబాగ్ అనే పేటకు ఇతని పేరు మీదుగానే ఆ పేరు వచ్చింది.

తొలి జీవితం

రేమండ్ ఫ్రాన్సు నైరుతి భాగాన గాస్కనీ ప్రాంతంలో ఒక వర్తకుని ఇంట జన్మించాడు. 1775లో వ్యాపారం నిమిత్తం పుదుచ్చేరి చేరాడు. వ్యాపారం కంటె సైనిక వృత్తి వైపే మొగ్గి, మైసూరు పాలకుల పక్షాన ఆంగ్లేయులతో పోరాడిన ఫ్రెంచి దళంలో చేరాడు. 1783లో బుస్సీ మరల భారతదేశానికి వచ్చినపుడు అతనికి అంగరక్షకాధికారి అయ్యాడు. 1785లో బుస్సీ మరణించాడు. మరుసటి ఏడు రేమండ్ హైదరాబాదు చేరాడు.

అద్దె తుపాకుల నుండి ఆయుధశాల వరకు

నిజాము కొలువులో ఇతని తొలి దళం కేవలం 300 మంది. వారికి సొంత తుపాకులు కూడ లేవు. ఒక్కొక్క తుపాకికి నెలకు అర్ధ రూపాయి చొప్పున ఒక ఫ్రెంచి వర్తకుని వద్ద అద్దెకు తెచ్చుకొన్నారు. ఆయుధం పరాయివానిదైతే సైన్యం కూడ పరాయివాని దయ మీదనే ఉంటుంది గదా! మూసీ నదికి ఉత్తరాన, నాటి ప్రాకారానికి వెలుపల, రేమండ్ ఫిరంగుల కర్మాగారం నెలకొల్పడానికి ఇది ఒక కారణమై ఉండవచ్చు.

సాంచా అంటే అచ్చు. ఆ కాలపు ఫిరంగిని మట్టి అచ్చులో కరిగించిన కంచు పోసి తయారు చేసేవారు. లోహం చల్లారిన తరువాత అచ్చు పగులగొట్టి, గొట్టాన్ని తొలిచి నునుపు చేసేవారు. తొలుపు వంకరపోతే గుండు గురి తప్పుతుంది. పోతలో గాలి బుడగ నిలిస్తే ఫిరంగి పేలి, కాల్చేవాడే మరణిస్తాడు. హైదరాబాదులో ఐరోపీయుల పర్యవేక్షణలో ఫిరంగులతో పాటు తుపాకులు, కత్తులు కూడ తయారయ్యేవి. నాటి తుపాకి చెకుముకి రాతితో పేలేది; ప్రతి గుండుకు గొట్టం మూతి నుండి మందు దట్టించాలి. కనుక వేగమంతా సిపాయి శిక్షణ మీదనే ఆధారపడేది. రేమండ్ అసలు బలం ఈ శిక్షణే అని చెప్పాలి.

యుద్ధాలు

1795 మార్చిలో మరాఠాలతో జరిగిన ఖర్దా యుద్ధంలో రేమండ్ పదాతి దళం గట్టిగా నిలిచింది. అయినా నిజాము వెనుకకు మరలి ఖర్దా కోటలో ఆశ్రయం పొందవలసి వచ్చింది. ఆ యుద్ధంలో కుంపిణీ వారు సహాయం చేయలేదు. అందుచేత నిజాముకు రేమండ్ మీద నమ్మకం పెరిగింది. అదే సంవత్సరం తిరుగుబాటు చేసిన నిజాము కుమారుడు ఆలీజాను ఇతడు పట్టుకొన్నాడు. రాజకుమారుడు అవమానం భరించలేక విషం తీసుకొన్నాడు. దళం క్రమంగా పదివేలు దాటింది. ఇది ఫ్రెంచి విప్లవ పతాకం ఎగురవేయడం ఆంగ్లేయులకు కంటగింపైంది.

మరణానంతరం

రేమండ్ తన 43వ ఏట మరణించాడు. విషప్రయోగం జరిగిందనే వదంతి ఉన్నది గాని ఆధారం లేదు. ఆరు నెలలైనా గడువక మునుపే, 1798 సెప్టెంబరు 1న, నిజాము ఆంగ్లేయులతో సైన్య సహకార ఒప్పందం చేసుకొన్నాడు. అక్టోబరు 22న ఫ్రెంచి దళాన్ని నిరాయుధం చేశారు. అప్పుడు దళాధిపతి పిరాన్. జీతాల బకాయిల కోసం సిపాయిలు తమ అధికారుల మీదనే తిరుగబడి ఉన్నందువలన, బకాయిలు చెల్లిస్తామన్న హామీతోనే, రక్తపాతం లేకుండా పని ముగిసింది. రేమండ్ పన్నెండేళ్ళు శ్రమించి కూడబెట్టిన ఆయుధాలు ఒక్క రోజులో చేజారాయి.

ఇతని పేరు ప్రజల నోట మారిపోయింది. ముస్లిములు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. ఒక విదేశీ సైనికాధికారిని రెండు మతాల వారూ ఇలా తమవాడిగా చేసుకోవడం అరుదు. మలక్‌పేటకు ఆవల అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఇతని సమాధి ఉన్నది. సుమారు 7 మీటర్ల ఎత్తున్న నల్లరాతి స్తంభం మీద జె.ఆర్. అనే అక్షరాలు కనిపిస్తాయి. చాలకాలం పాటు ఏటా వర్ధంతినాడు ఇక్కడ ఉరుసు జరిగేది. సమాధి పక్కనున్న మండపం 2001లో వానలకు కూలిపోగా, తరువాత పునర్నిర్మించారు. కర్మాగారపు గోడలు కొన్ని మాత్రం అబిడ్స్, బషీర్‌బాగ్ నడుమ మిగిలి ఉన్నాయి.