వణిక్ప్రముఖుడు నీల్ మెకెల్రాయ్

వర్తకమే కులవృత్తిగా గల మన వైశ్య సోదరులకు దేశాంతరములందలి వణిక్ప్రముఖుల చరిత్రములును తెలియదగినవే. అమెరికా దేశమున సిన్సినాటి నగరమందు 1837లో క్రొవ్వొత్తులు చేయు విలియం ప్రోక్టరును, సబ్బులు చేయు జేమ్స్ గాంబులును కలిసి ఒక వ్యాపారమును స్థాపించిరి. వారిరువురు తోడల్లుండ్రు, మామగారి హితవుచే భాగస్థులైరి. ఆ సంస్థను తరువాతి కాలమున క్రొత్త త్రోవకు మరల్చిన నీల్ మెకెల్రాయ్ మాత్రము ఆ వంశములవాడు కాడు. ఆయన 1904 అక్టోబరు 30వ తేదీన ఒహాయో రాష్ట్రమందలి బెరియాలో జన్మించెను. 1925లో హార్వర్డు విశ్వవిద్యాలయమున పట్టము పొంది, ఆ సంవత్సరమే సంస్థ యొక్క ప్రకటనల శాఖలో గుమాస్తాగా చేరెను.

అప్పటికి సంస్థకు ఐవరీ సబ్బే ప్రాణము. అది 1879 నుండి అమ్ముడగుచు, నీటిపై తేలుటచే ప్రసిద్ధికెక్కినది. 1926లో కామే అను పరిమళపు సబ్బును వెలువరించిరి. కాని పెద్దవాని పాలు చిన్నవాడు హరించునేమో యను భయముచే దాని చేతులు కట్టివైచిరి. కామే పని చూచుచుండిన మెకెల్రాయ్‌కు పరసంస్థలతోడి పోరు ఒక యెత్తు, స్వగృహమందలి యీ సంకోచము ఒక యెత్తు.

1931 మే 13వ తేదీన ఆయన పైవారికి ఒక విజ్ఞాపనము వ్రాసెను. అచ్చట విజ్ఞాపనము ఒక్క పుటను మించరాదని నియమము. ఆయన మూడు పుటలు వ్రాసెను! అడిగినది మరి యిద్దరు పనివారిని మాత్రమే. అందలి యోచన గొప్పది. ఒక్కొక్క మార్కునకు ఒక్కొక్కడు పూర్తిగా బాధ్యుడు కావలెను. ఏ ప్రాంతమునకు ఎంత సరుకు పోయినదో వాడు లెక్క చూడవలెను. అమ్మకము బాగుగానున్న చోట ఏ ప్రయత్నము ఫలించెనో కనిపెట్టి, అట్టి యితర ప్రాంతములందును దానినే ప్రయోగింపవలెను. సన్నగిల్లిన చోట పూర్వపు ప్రకటనలను, బహుమాన విక్రయములను పరిశీలించి, స్వయముగా పోయి అంగడివారితోను కొనువారితోను మాటలాడి లోపము కనుగొనవలెను. పిమ్మట ఉపాయము పన్ని, వ్యయము లెక్కకట్టి, అది అమలు జరిగిన తరువాత అనుకొన్న ఫలము కలిగినదా లేదా యని మరల విచారింపవలెను.

ఈ కడపటి విచారణయే కష్టము. ఒక సబ్బు కొన్నవారికి మరియొకటి ఉచితముగా నిచ్చిన దినమున అంగడి క్రిక్కిరియును. అది క్రొత్త బేరమా, లేక నిత్యము కొనువారే రానున్న మాసపు సరుకును నేడే చౌకగా కొనిపోయిరా? ఈ భేదము నెరుగక పెట్టె ఖాళీ చేసికొన్న వర్తకులు మనలోను లేకపోలేదు.

నాటి యధ్యక్షుడు రిచర్డు డూప్రీ ఈ పద్ధతి నంగీకరించెను. ఒకే సంస్థ సబ్బులు తమలో తాము పోటీపడసాగెను. ధనాగారము మాత్రము ఒక్కటియే. 1946లో వెలువడిన టైడ్ అను బట్టల పొడి, ఆ సంస్థదే యైన ఆక్సిడాలును వెనుకకు నెట్టెను. పరులు నెట్టుటకంటె తనవారు నెట్టుట మేలు గదా! 1948లో మెకెల్రాయ్ సంస్థకు అధ్యక్షుడయ్యెను.

1957 అక్టోబరులో ఐసెన్‌హోవరు ఆయనను దేశ రక్షణమంత్రిగా నియమించెను. రష్యావారు స్పుత్నిక్‌ను పంపి కొలది దినములే యైనది. పదాతి సైన్యమువారి జూపిటరు, విమానదళమువారి థోరు అను రెండు క్షిపణులలో ఒకదానిని ఎన్నుకొనక, రెండింటిని నిర్మింప నాజ్ఞాపించెను. సబ్బుల విషయమున కొనువారు లక్షలాదిగా తీర్పు చెప్పుదురు. క్షిపణులకు కొనువాడు ప్రభుత్వమొక్కటియే. అందుచే అచ్చట ఈ పద్ధతి పొసగలేదని మా యభిప్రాయము. 1959 డిసెంబరులో పదవి విడిచి సంస్థకు మరలివచ్చెను. 1972 నవంబరు 30వ తేదీన సిన్సినాటిలో దివంగతుడయ్యెను.