చెవుడు పోగొట్టానని వెన్ను వైద్యం మొదలుపెట్టారు

యాకుత్‌పురా రైల్వేస్టేషన్ చుట్టుపక్కల గల్లీల్లో సెలూన్‌కి వెళ్తే, కటింగ్ అయ్యాక తల మాలిష్ చేసి మెడను ఓ పక్కకు తిప్పి టక్కుమనిపించడం మీకు తెలిసిందే. నడుం పట్టేస్తే పహిల్వాన్ దగ్గరికి వెళ్లేవాళ్లూ పాతబస్తీలో ఉన్నారు. ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, కైరోప్రాక్టర్ల వీడియోలే. వాటిని చూసి అపాయింట్‌మెంట్ తీసుకునే ముందు, ఈ వైద్యానికి ఆద్యుడైన డేనియల్ డేవిడ్ పామర్ గురించి కాస్త తెలుసుకోండి.

పామర్ డాక్టరీ చదవలేదు. 1845లో కెనడాలో పుట్టి, ఇరవై ఏళ్ల వయసులో అమెరికా చేరారు. బడిపంతులుగా పనిచేశారు, తేనెటీగలు పెంచారు, కిరాణా కొట్టు నడిపారు. చివరికి అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్‌లో, చేతుల్లోని అయస్కాంత శక్తితో జబ్బులు నయం చేస్తానంటూ కుదురుకున్నారు.

ఆయన ఉండే భవనంలో హార్వీ లిలార్డ్ అనే ఆయన ఊడ్చి శుభ్రం చేసేవారు. 17 ఏళ్లుగా ఆయనకు సరిగా వినపడదు. వంగి పని చేస్తుండగా వీపులో ఏదో కలుక్కుమందనీ, చెవుడు అప్పట్నుంచేననీ చెప్పారు. 1895 సెప్టెంబరులో పామర్ ఆయన వీపు తడిమి, జరిగినట్టు అనిపించిన పూసను చేత్తో నొక్కారు. దాంతో వినికిడి తిరిగొచ్చిందన్నది పామర్ చెప్పిన కథ. మీరే ఆలోచించండి: వినికిడి నరం లోపలి చెవి నుంచి పుర్రెలోనే మెదడుకు చేరుతుంది. వీపు దాకా రానే రాదు.

పామర్ అంతటితో ఆగలేదు. నూటికి 95 జబ్బులకు పూసలు తప్పడమే కారణమని తేల్చేశారు. చేయి, పని అనే అర్థాలున్న గ్రీకు మాటలు కలిపి పాస్టర్ మిత్రుడొకరు కైరోప్రాక్టిక్ అని పేరు పెట్టారు. 1897లో బడి తెరిచారు. ఎముకలు సవరించడం తానే కనిపెట్టానని మాత్రం ఆయన అనలేదు. అది నిజాయితీయే. మనకు పుత్తూరు కట్టు ఉన్నట్టే, అలాంటి పనివాళ్లు చాలా దేశాల్లో ఎప్పట్నుంచో ఉన్నారు.

1906లో లైసెన్సు లేకుండా వైద్యం చేశారని కోర్టు శిక్ష వేస్తే, జరిమానా కట్టనని జైలుకెళ్లారు. కొన్ని రోజులకు పట్టు సడలి, కట్టేసి బయటికొచ్చారు. బడి కొడుకు బి.జె. చేతికి వెళ్లింది, తండ్రీకొడుకులకు పడలేదు. 1913లో లాస్ ఏంజెలెస్‌లో టైఫాయిడ్‌తో కన్నుమూశారు.

ఆయన సిద్ధాంతాన్ని నేటి వైద్యశాస్త్రం ఒప్పుకోదు. చేతి పనిని మాత్రం పూర్తిగా తోసిపుచ్చలేదు. దీర్ఘకాలిక నడుంనొప్పికి వ్యాయామం, మసాజ్‌తో పాటు వెన్నును చేత్తో సరిచేసే చికిత్సనూ వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. నడుంనొప్పికి మాత్రమే సుమా! చెవుడుకో షుగర్‌కో కాదు. టక్కుమనే శబ్దం కూడా పూస చోటుకు చేరిన గుర్తేమీ కాదు, కీలులోని ద్రవంలో వాయువు చేసే చప్పుడు.

మెడ విషయంలో ఇంకా జాగ్రత్త. మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనులు మెడ పూసల గుండానే పోతాయి. మెడను విసురుగా తిప్పితే అరుదుగానైనా అవి చిరిగి పక్షవాతం రావచ్చు. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లకు పూసలు విరిగే ప్రమాదమూ ఉంది. నడుంనొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పడిపోతున్నా ఎవరి చేతా నొక్కించుకోకండి. గంటల్లోనే ఆసుపత్రికి వెళ్లండి.