బడి మానిన అమ్మాయి తెరిచిన బడులు

స్వర్ణోత్సవ సంచికకు ఒక మహనీయుల జీవితం రాయమని సంపాదక వర్గం అడిగినప్పుడు, చిన్నతనంలోనే బడి మానేసిన ఒకావిడ గుర్తుకొచ్చారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్. మన పాఠ్యపుస్తకాల్లో ఆమె స్వాతంత్ర్య సమర యోధురాలు, రాజ్యాంగ సభ సభ్యురాలు. నిజమే. కానీ పేదలకు, దిక్కులేని ఆడవాళ్ళకు, వికలాంగులకు సాయం చేయడానికి ఒక పద్ధతి ఉండాలని, ఆ పద్ధతికి ప్రభుత్వ డబ్బు తోడవాలని పట్టుబట్టి సాధించిన మనిషిగా ఆమె మనకు అంతగా తెలియదు.

ఆమె 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆ సంబంధాన్ని ఆమె వద్దనుకున్నారు. ఆంగ్ల మాధ్యమానికి నిరసనగా పన్నెండేళ్ళ వయసులో బడి మానేశారు. మానేసి ఊరుకోలేదు, తనకు వచ్చిన హిందీని తోటి ఆడపిల్లలకు, వాళ్ళ తల్లులకు నేర్పుతూ సొంతంగా ఒక పాఠశాల నడిపారు. 1923 కాకినాడ కాంగ్రెస్ సందర్భంగా ప్రదర్శన గేటు దగ్గర టికెట్ లేదని నెహ్రూను నిలిపేసిన కథ అందరికీ తెలిసిందే కాబట్టి మళ్ళీ చెప్పను. ముప్ఫై ఏళ్ళ తరువాత ఆ నెహ్రూ ప్రభుత్వమే ఒక పెద్ద బాధ్యత ఆమె చేతిలో పెట్టిందన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది జైలు అని నా అభిప్రాయం. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో మద్రాసులో అరెస్టయి, 1930 నుంచి 1933 దాకా మూడుసార్లు శిక్ష అనుభవించారు. మదురైలో ఒంటరి కొట్లో పెట్టారు. నేరాల మీద జైలుకొచ్చిన స్త్రీలను ఆమె అక్కడ దగ్గరగా చూశారు. చాలామందికి అక్షరం రాదు. తమ మీద మోపిన నేరమేమిటో, కోర్టులో తాము ఏమి ఒప్పుకున్నారో కూడా తెలియని వాళ్ళున్నారు. అలాంటి వాళ్ళ తరఫున నిలబడాలంటే న్యాయశాస్త్రం చదవాలి, దానికి ముందు మెట్రిక్ పాసవాలి. విడుదలయ్యాక పాతికేళ్ళు దగ్గరపడిన వయసులో ఇంగ్లీషు అక్షరాల దగ్గర మొదలుపెట్టి, బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా కూర్చుని గట్టెక్కారు. పై చదువుకు వాల్తేరు వెళితే అక్కడ ఆడపిల్లలకు హాస్టల్ లేదు. పత్రికలో ప్రకటన ఇచ్చి, తనలాగే చదువుకోవాలనుకునే అమ్మాయిలను పోగుచేసి, హాస్టల్ తానే నడిపారు! 1942లో మద్రాసులో లా పట్టా పుచ్చుకున్నారు.

ఈ చదువు సాగుతుండగానే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలైంది. వితంతువులు, భర్తలు వదిలేసినవాళ్ళు, చదువు ఆగిపోయినవాళ్ళు అక్కడికి వచ్చేవారు. పూట భోజనం పెట్టి పంపేయడం దుర్గాబాయి గారికి నచ్చని పని. తాను రాసిన మెట్రిక్ పరీక్షకే వాళ్ళనూ తయారుచేశారు, చేతిపని నేర్పించారు. సభ తరఫున ఆసుపత్రి వచ్చింది, తరువాతి కాలంలో పోలియో సోకిన పిల్లలకు అస్థివైద్య కేంద్రమూ వచ్చింది. అంధుల సహాయ సంఘానికి అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు హాస్టల్‌తో కూడిన పాఠశాల పెట్టి, దానితోపాటు చిన్న ఇంజనీరింగ్ వర్క్‌షాపు కూడా పెట్టించారు. చూపు లేనివారికి జాలి కన్నా జీతం ముఖ్యమని ఆమె లెక్క.

స్వాతంత్ర్యం వచ్చాక ప్రణాళికా సంఘం సభ్యురాలయ్యారు. 1953 జనవరిలో ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు. అదే ఏడాది ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడి, ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు. స్వచ్ఛంద సంస్థలకు సాయం చేయడానికి మొదటి పంచవర్ష ప్రణాళికలో 4 కోట్ల రూపాయలు కేటాయించారు. ఊరూరా అనాథ శరణాలయాలు, వృద్ధాశ్రమాలు, మూగ చెవిటి పిల్లల బడులు నడుపుతున్నవాళ్ళు అప్పటికే ఉన్నారు. వాళ్ళను పక్కకు నెట్టి సర్కారు కొత్త ఆఫీసులు తెరవకుండా, వాళ్ళ చేతికే గ్రాంటు ఇవ్వాలి, సంస్థ కూడా తన వంతు కొంత సమకూర్చుకోవాలి అన్నది ఏర్పాటు. ఇందులో ఇబ్బంది లేకపోలేదు. ఏటా దరఖాస్తు పెట్టుకునే చిన్న సంస్థకు వచ్చే ఏడు డబ్బు వస్తుందో రాదోనన్న బెంగ తప్పేది కాదు. అయినా ఊళ్ళో నలుగురు కలిసి చేసే మంచిపనిని ప్రభుత్వం గుర్తించి ఖర్చు పంచుకోవడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

1954లో పల్లెల్లో సంక్షేమ విస్తరణ పథకాలు మొదలయ్యాయి. బాలవాడి, కాన్పులకు మంత్రసాని, కుట్టుపని నేర్పే టీచరు, వీటన్నిటినీ కనిపెట్టుకుని ఉండే గ్రామసేవిక. తీరా చూస్తే, ఆ ఉద్యోగాలకు కావలసినంత చదువున్న ఆడవాళ్ళు పల్లెల్లో దొరకలేదు. వయసు మీరిందని మామూలు బడి వాళ్ళను చేర్చుకోదు. అందుకని 1958లో వయోజన స్త్రీల కోసం సంక్షిప్త విద్యాకోర్సులు పెట్టారు. బడి మధ్యలో మానినవాళ్ళు రెండేళ్ళు గట్టిగా చదివి పరీక్షకు కూర్చోవచ్చు.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పాలి. పూర్వ విద్యార్థుల పట్టికలు వేసేటప్పుడు మనం బ్యాచీల వారీగా పదో తరగతి గట్టెక్కినవాళ్ళ పేర్లు వెతుకుతాం. ఆరులోనో ఏడులోనో ఆగిపోయి, ఇంట్లో ముసలివాళ్ళను చూసుకోవడానికో కూలికో వెళ్ళిన పిల్లల పేర్లు పాత హాజరు పట్టీల్లోనే ఉండిపోతాయి. దుర్గాబాయి గారు వెతికింది సరిగ్గా ఆ పేర్ల కోసమే.

చివరి సంవత్సరాలు హైదరాబాదులో గడిచాయి. 1975లో పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న ఆమె కన్నుమూశారు. అప్పటికి ఆంధ్ర మహిళా సభ కింద మద్రాసులోను, హైదరాబాదులోను ఆసుపత్రులు, కళాశాలలు, నర్సుల శిక్షణ, వయోజన విద్యాకేంద్రం నడుస్తున్నాయి. రెండేళ్ళ కోర్సుల్లో చదివి పరీక్ష పాసైన స్త్రీలు కొందరు నర్సులుగా, కొందరు బాలసేవికలుగా, కొందరు పంతులమ్మలుగా ఉద్యోగాల్లో ఉన్నారు.